పొద్దుగూకేలోగా

"పొద్దుగూకేలోగా తెచ్చిస్తా" అన్నాడు అవిగియాక్
మా కిరోసిన్ స్టవ్వు చంకన పెట్టుకుని.
ఏప్రిల్ ఆఖరు. కానాక్‌లో సూర్యుడు
ఇంటికి పోవడం మానేసి అప్పటికి మూడు రోజులు.
సరే అన్నాను.
వాడు గుమ్మం దాటాక గానీ ఆ గడువు నాకు తలకెక్కలేదు.
తలుపు తీసేసరికి కుక్కలబండి
గడ్డకట్టిన సముద్రం మీద చుక్కంత అయిపోయింది.
నాలుగు నెలలు! దొంగ వెధవ.

మనవరాలు ఇనాలుక్ పగలబడి నవ్వింది.
నవ్వాక అడిగింది,
"ఎందుకు గూకడు, నానమ్మా?"

బల్ల మీద లాంతరు పెట్టాను.
ఉడికించిన బాతుగుడ్డు ఒకటి తీసి
నెత్తిన పంచదార పలుకు అతికించాను. అది మన ఊరు.
గుడ్డును లాంతరు వైపు కాస్త ఒంచి తిప్పాను.
నడుం దగ్గర ఉన్న ఊళ్ళన్నీ
వెలుగులోకి వచ్చి, నీడలోకి పోయి,
మళ్ళీ వచ్చాయి.
పలుకు మాత్రం గుండ్రంగా తిరిగింది గానీ
నీడలో కాలు పెట్టలేదు.
ఆ ఒంపు మార్చకుండానే
గుడ్డును లాంతరుకి అవతలి పక్కకి జరిపాను.
ఇప్పుడెంత తిప్పినా పలుకుకి వెలుగే లేదు.
"అది డిసెంబరు" అంది ఇనాలుక్, తనే.
తర్వాత మన ఊరిని నాలిక మీద వేసుకుని
తియ్యగా ఉందంది.

ఇక మొదలు.
రాత్రి రెండింటికి పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు,
బంతి నా గోడకే తగులుతుంది.
మూడింటికి ఎవరో ఒకరు కాఫీకి తలుపు తడతారు,
తట్టిన మనిషికీ తెలియదు అది ఏ పూటో.
గుంజకు కట్టిన కుక్క చుట్టూ
దాని నీడ కూడా గొలుసు తెంచుకోలేక
రోజంతా ఓ చుట్టు తిరిగి వస్తుంది.
కొండవాలున పసుపుపచ్చ గసగసాల పూలు
మెడ నొప్పెట్టదో ఏమో, సూర్యుడి వెంటే మొహాలు తిప్పుతూ ఉంటాయి.
లక్షల పిట్టలు రాళ్ళ సందుల్లో గొంతు చించుకుంటాయి.
ఎండ ఏటవాలుగా పడి
పెద్ద వేడీ ఇవ్వదు, వదిలీ పెట్టదు;
కాళ్ళ కింద మంచు మాత్రం మెల్లిగా మెత్తబడుతుంది.

చేతులకి పని ఎప్పుడు ఆపాలో చెప్పేది చీకటే.
అది లేని ఓ జూన్‌లో
మా ఆయన మూడు రోజులు కన్ను వాల్చకుండా
మంచు అంచున తిమింగలం కోసం కాచుకున్నాడు.
నిద్రలోకి జారాడో, నీళ్ళలోకి జారాడో.
బండి దొరికింది, కుక్కలు దొరికాయి,
మీద నీళ్ళు మరుగుతూ ఈ స్టవ్వు దొరికింది.

ఆ ఏడు నాకు ఏడవడానికి చోటు లేకపోయింది.
ఎటు తిరిగినా వెలుగు, ఎప్పుడూ ఎవరో ఒకరు,
మొహం కడుక్కోవడం, కాఫీ కాచడం.
ఆగస్టు దాకా దాచుకున్నాను,
సీలు మాంసం దాచినట్టు.

అప్పటినుంచీ ఉత్తరం కిటికీకి వెండిరేకు అంటిస్తాను.
అయినా ఎక్కడో ఓ సూది బెజ్జం.
అర్ధరాత్రికి సరిగ్గా
ఒక వెలుగు గింజ ఆయన దిండు మీద పాకుతుంది.
ఎనిమిదేళ్ళుగా ఆ బెజ్జం నేను పూడ్చలేదు.

ఆగస్టు ఆఖర్లో ఓ అర్ధరాత్రి
ఉత్తరాన మంచుగడ్డ అంచుకి సూర్యుడు గడ్డం ఆనించాడు.
దారెంట కేకలు.
అవిగియాక్ పరిగెత్తుకొస్తున్నాడు, చేతిలో స్టవ్వు.
"చూడు! ఇంకా ఉన్నాడు, ఓ గోరంత ఉన్నాడు!"
పిన్నుతో బెజ్జం శుభ్రం చేసి, నూనె నింపి,
ఇత్తడి తళతళలాడేలా తోమాడు.
గడువు తప్పలేదు వెధవ.
నేనేమీ అనలేకపోయాను, వాడూ నిలబడలేదు.

లోపలికొచ్చి కిటికీ రేకు ఊడబీకాను.
గదిలోకి పలచని నీలం దిగింది.
స్టవ్వు వెలిగించలేదు.
దిండు మీద ఏమీ లేదు.

ఉన్నది ఓ అరగంటే. చాలదు.
రేపు ఇంకాస్త ఎక్కువ ఉంటుంది.